తండ్రి కింద పడి చనిపోయారు.. కొడుకు ఆ ‘పడటాన్నే’ కొలిచారు: గుత్తి, కొడంగల్, కాకినాడల్లో లోలకం ఊపిన బసేవీ కథ

గండికోటకు వెళ్లిన కుర్రాళ్లు ఒక్కసారైనా చేసే పని ఒకటుంది. పెన్నా లోయ అంచున నిలబడి ఒక రాయి తీసి కిందికి విసరడం. పక్కనున్నవాడు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం. ఇంకొకడు ఫోన్‌లో వీడియో తీయడం. (దయచేసి ఆ పని చేయకండి. కింద మేకలు కాసేవాళ్లుంటారు, ట్రెక్కింగ్‌కు వచ్చినవాళ్లుంటారు.)

రాయి వేయకుండానే లెక్క చెప్పుకోవచ్చు. వదిలిన రాయి మొదటి సెకను పూర్తయ్యేసరికి సుమారు 4.9 మీటర్లు దిగుతుంది. రెండు సెకన్లకు 19.6 మీటర్లు. మూడో సెకను ముగిసేసరికి 44 మీటర్లు. అప్పటికి దాని వేగం గంటకు 105 కిలోమీటర్లు దాటిపోయి ఉంటుంది. 90 మీటర్ల లోతు దిగడానికి నాలుగు సెకన్ల పైచిలుకు చాలు. సెకను సెకనుకూ వేగం అలా పెరగడాన్నే గురుత్వ త్వరణం అంటారు. స్కూల్ పుస్తకంలో 9.8 అని బట్టీ పట్టిన అంకె అదే.

అయితే ఆ అంకె అన్ని ఊళ్లలో ఒకటి కాదు. చిలమకూరులో ఒకటి, కాకినాడలో ఒకటి, లద్దాఖ్‌లో ఇంకొకటి. తేడా చాలా చిన్నది. ఆ చిన్న తేడా పట్టుకోవడానికి 150 ఏళ్ల కిందట ఒక ఇంజినీరు మన గుత్తి దగ్గరా, కొడంగల్‌లోనూ, కాకినాడలోనూ మకాం వేసి రోజుల తరబడి ఒక ఇత్తడి కడ్డీని ఊపుతూ కూర్చున్నారు. చివరికి ఆ పని మీదే ప్రాణం పోగొట్టుకున్నారు.

ఆయన పేరు జేమ్స్ పల్లాడియో బసేవీ. భారత సర్వే చరిత్రలో బాగా పేరున్న మనిషి. మన దగ్గర మాత్రం పాఠాల్లో కనపడరు.

పదమూడేళ్ల వయసులో..

బసేవీ 1832లో ఇంగ్లండ్‌లో పుట్టారు. తండ్రి జార్జ్ బసేవీ అప్పట్లో పెద్ద ఆర్కిటెక్ట్. లండన్‌లోని బెల్‌గ్రేవ్ స్క్వేర్ భవనాలు, కేంబ్రిడ్జ్‌లోని ఫిట్జ్‌విలియం మ్యూజియం ఆయన డిజైన్లే. తర్వాతి కాలంలో బ్రిటన్ ప్రధాని అయిన డిజ్రేలీకి దగ్గరి చుట్టం కూడా. కొడుక్కి పల్లాడియో అని పేరు పెట్టారంటే ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో మీద అభిమానమే అనుకోవాలి.

1845 అక్టోబర్ 16. ఈలీ అనే ఊళ్లో పాత చర్చి పడమటి గోపురానికి మరమ్మతులు జరుగుతున్నాయి. పని ఎలా ఉందో చూద్దామని జార్జ్ బసేవీ పైకెక్కారు. గంటలుండే గది నేలలో ఒకచోట ఖాళీ ఉంది. అందులోంచి కిందికి జారిపడి అక్కడే చనిపోయారు. ఫిట్జ్‌విలియం మ్యూజియం అప్పటికి పూర్తి కాలేదు. మిగతా పని వేరే ఆర్కిటెక్ట్ చేయాల్సి వచ్చింది.

అప్పటికి కొడుక్కి 13 ఏళ్లు. పెద్దయ్యాక ఆయన ఎంచుకున్న పనికీ, ఆ సంఘటనకూ సంబంధం ఉందని మనం కల్పించి చెప్పకూడదు. వస్తువులు కిందికి ఎంత వేగంగా పడతాయన్న లెక్క మీద ఈ కుర్రాడి జీవితం నడవడం మాత్రం యాదృచ్ఛికమే అయినా మనసును పట్టి లాగుతుంది.

విశాఖ తీరం నుంచి మొదలు

చదువయ్యాక బసేవీ ఈస్టిండియా కంపెనీ వాళ్ల అడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో చేరారు. అక్కణ్నుంచి బెంగాల్ ఇంజినీర్స్‌లో ఉద్యోగం. 1856లో గ్రేట్ ట్రిగొనామెట్రికల్ సర్వేలోకి వచ్చారు. దేశం మొత్తాన్ని త్రిభుజాలుగా విడగొట్టి కొలిచిన మహా సర్వే అది. ఎవరెస్ట్ శిఖరం ఎత్తు తేల్చింది కూడా ఈ సర్వేనే.

మనవాళ్లకు ఆయన మొదట కనపడింది తూర్పు తీరంలో. 1862లో విశాఖపట్నం దగ్గర బేస్‌లైన్ కొలిచే పని జరిగింది. బేస్‌లైన్ అంటే నేల మీద కొన్ని మైళ్ల పొడవున ఒక గీతను లోహపు కడ్డీలతో అంగుళం అంగుళం కొలుచుకుంటూ పోవడం. అది తేలితే మిగతా త్రిభుజాల లెక్కలన్నీ దాని మీద నిలబడతాయి. ఆ తీరం పనుల్లో బసేవీ ఉన్నారు. అడవులు, జ్వరాలు, కొండల మీదికి మోసుకెళ్లాల్సిన బరువైన పరికరాలు. సర్వేలో చేరినవాళ్లు చాలామంది మలేరియాతో పోయేవాళ్లు. ఈయన తట్టుకున్నారు.

అసలు గొడవ ఎక్కడ వచ్చింది?

గురుత్వం కొలవాలన్న ఆలోచన సరదాగా పుట్టలేదు. దాని వెనక లెక్క తేడా ఒకటుంది.

సర్వే వాళ్లు రెండు ఊళ్ల మధ్య దూరాన్ని రెండు రకాలుగా కొలిచేవారు. ఒకటి నేల మీద త్రిభుజాలతో. రెండోది నక్షత్రాలను చూసి. హిమాలయాలకు దగ్గర్లో ఉన్న కలియానా, మధ్య భారతంలోని కలియాన్‌పూర్.. ఈ రెంటి మధ్య దూరం రెండు పద్ధతుల్లో ఒకేలా రాలేదు. కోణంలో 5 సెకన్ల పైచిలుకు తేడా. నేల మీద లెక్కేస్తే సుమారు 160 మీటర్లు!

నక్షత్రాలను చూసేటప్పుడు నిట్టనిలువు ఏదో తెలియాలి. అది తెలియడానికి మేస్త్రీలు వాడే తూకపు గుండు లాంటిదే ఆధారం. పక్కనే హిమాలయాలంత బరువు ఉంటే ఆ గుండు అటువైపు కొద్దిగా లాగబడుతుంది కదా? కలకత్తాలో ఉన్న ప్రాట్ అనే మతాధికారి, మంచి గణితవేత్త, ఆ కొండల బరువు అంచనా వేసి లెక్క కట్టారు. అప్పుడు ఇంకో చిక్కు బయటపడింది. ఆయన లెక్క ప్రకారం తేడా 5 సెకన్లు కాదు, 15 సెకన్లకు పైగా ఉండాలి. అంటే హిమాలయాలు లాగాల్సినంత లాగడం లేదు.

ఎందుకు? కొండల కింద ఏముంది? లోపల నేల తేలిగ్గా ఉందా? 1855లో లండన్‌లో ఎయిరీ అనే ఖగోళ శాస్త్రవేత్త ఒక వివరణ ఇచ్చారు, తర్వాత ప్రాట్ ఇంకో వివరణ ఇచ్చారు. ఏది నిజమో తేలాలంటే ఊరూరా గురుత్వం కొలవాలి. ఆ బాధ్యత బసేవీ మీద పడింది.

రాయి వదిలితే సరిపోదా?

సరిపోదు. ఎందుకో చూద్దాం.

4.9 మీటర్ల ఎత్తు నుంచి రాయి వదిలితే చిలమకూరులో దాదాపు ఒక సెకను పడుతుంది. అదే రాయిని ఉత్తర ధ్రువం దగ్గర వదిలితే గురుత్వం కాస్త ఎక్కువ కాబట్టి కాస్త ముందే పడుతుంది. ఎంత ముందు? సెకనులో వెయ్యో వంతులు రెండున్నర. ఇప్పటి ఫోన్‌లో స్లో మోషన్ పెట్టినా దొరకదు. 1860ల నాటి గడియారంతో అసలే కుదరదు. గెలీలియో కూడా అంతకు రెండు శతాబ్దాల ముందు నేరుగా పడే గుండును పట్టుకోలేక ఏటవాలు పలక మీద దొర్లించి చూశారు.

లోలకం వేరు. పడటం ఆగదు, మళ్లీ మళ్లీ పడుతూనే ఉంటుంది. గురుత్వం ఎక్కువైతే ఊగడం వేగం పుంజుకుంటుంది, తగ్గితే నెమ్మదిస్తుంది. ఒక్క ఊపులో తేడా కనపడదు. కానీ రోజుకు 86 వేల చిల్లర ఊపులు. ఆ రెండున్నర మిల్లీసెకన్లే రోజంతా పోగుపడితే ధ్రువానికీ, చిలమకూరుకూ మధ్య 200కి పైగా ఊపుల తేడా వస్తుంది. అది లెక్కపెట్టొచ్చు. చిట్టీ పాటలో రోజువారీ పది రూపాయలు ఏడాదికి ఎంతవుతాయో చూసుకున్నట్టు అన్నమాట.

1860ల మధ్యలో లండన్ రాయల్ సొసైటీ రెండు లోలకాలను ఇండియాకు అరువిచ్చింది. పొడవు మార్చడానికి వీల్లేని ఇత్తడి కడ్డీలు అవి. కడ్డీ పై భాగాన కత్తి అంచు లాంటి ఉక్కు బిళ్ల. అది నున్నటి రాతి పలక మీద ఆని ఊగుతుంది. ఈ తరహా లోలకాన్ని తయారు చేసింది హెన్రీ కేటర్. ఆయన యువకుడిగా ఉన్నప్పుడు దక్షిణ భారతంలో లాంబ్టన్ దగ్గర సర్వే పని చేసి వెళ్లినవాడే. ఇంగ్లండ్‌లో తన తొలి పెద్ద లోలకానికి కేటర్ వాడిన కత్తి అంచు దేనితో చేశారో తెలుసా? భారతదేశపు వుట్జ్ ఉక్కుతో. తెలంగాణ పల్లెల కొలిముల్లో కూడా కాగిన ఉక్కు అది. ఉక్కు అన్న మన మాటే అక్కడికి చేరేసరికి వుట్జ్ అయిందని చాలామంది చెబుతారు.

గుత్తి దగ్గర మకాం

1865లో డెహ్రాడూన్ వైపు నుంచి బసేవీ పని మొదలైంది. అక్కణ్నుంచి దేశం నడుం మీదుగా కన్యాకుమారి దాకా. దారి కొత్తది కాదు. లాంబ్టన్, ఆ తర్వాత ఎవరెస్ట్ 78వ రేఖాంశం వెంబడి కొలిచిన పెద్ద గీత పక్కనే ఒక్కో స్టేషన్.

ఆ గీత మన కడప పక్క నుంచే పోతుంది. 1811లో లాంబ్టన్ గుత్తి దగ్గర ఒక బేస్‌లైన్ కొలిచారు. ఆ ప్రాంతంలోనే నామ్తాబాద్ అనే స్టేషన్ ఉంది. చిలమకూరు నుంచి గీత గీసినట్టు పోతే సుమారు 110 కిలోమీటర్లు. ఇంకా పైకి, ఇప్పటి వికారాబాద్ జిల్లా కొడంగల్. ఈ రెండు చోట్లా బసేవీ లోలకం ఊగింది.

పని ఎలా ఉండేదంటే.. గడియారం ముందు లోలకాన్ని వేలాడదీస్తారు. గడియారపు లోలకం, ఈ ఇత్తడి లోలకం దాదాపు ఒకే జోరులో ఊగుతాయి కానీ పూర్తిగా ఒకటి కాదు. ఇద్దరు మనుషులు పక్కపక్కన నడుస్తుంటే కాసేపు అడుగులు కలుస్తాయి, మెల్లగా విడిపోతాయి, మళ్లీ కలుస్తాయి. అలా ఎప్పుడెప్పుడు కలిశాయో దూరంగా టెలిస్కోప్ పెట్టి చూసి టైం రాసుకోవాలి. గడియారం సరిగ్గా నడుస్తోందా లేదా అని రాత్రిళ్లు నక్షత్రాలను చూసి సరిచూసుకోవాలి. అంటే పగలు లోలకం, రాత్రి చుక్కలు. నిద్ర ఎప్పుడో దేవుడికి తెలియాలి.

గాలి కూడా అడ్డం. అందుకే లోలకాన్ని మూసేసిన గొట్టంలో పెట్టి పంపుతో గాలి తోడేసేవారు. ఇక అసలు విలన్ ఎండ. ఇత్తడి వేడికి సాగుతుంది. ఒక్క సెంటీగ్రేడ్ డిగ్రీ పెరిగితే లోలకం రోజుకు దాదాపు ఒక ఊపు వెనకబడుతుంది. గుత్తి ఎండలు ఎలా ఉంటాయో ఎర్రగుంట్ల, ప్రొద్దుటూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. పొద్దునకీ మధ్యాహ్నానికీ డజను డిగ్రీల తేడా. కొలవాలనుకున్న గురుత్వం తేడా కూడా అంతే చిన్నది. థర్మామీటర్ తప్పు చదివితే అది ఎండ తేడానా, భూమి తేడానా తెలియదు. అందుకే ఈ పనికి తెలివి కన్నా ఓపిక ఎక్కువ కావాలి.

ఇంత సరంజామా బండ్ల మీద, మనుషుల భుజాల మీద మోసుకెళ్లాలి. కత్తి అంచుకు గీత పడితే అప్పటిదాకా తీసిన లెక్కలన్నీ అనుమానమే. మోసినవాళ్లు, పంపు కొట్టినవాళ్లు, కాపలా ఉన్నవాళ్లు మనవాళ్లే. వాళ్ల పేర్లు మాత్రం ఇలాంటి కథల్లో మిగలవు.

కాకినాడలో ఎందుకు కొలిచారు?

కొడంగల్, కాకినాడ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. అంటే భూమి గుండ్రంగా ఉండటం వల్ల, తిరగడం వల్ల వచ్చే తేడా రెండు చోట్లా ఒకటే. ఎత్తు తేడాను లెక్కలో తీసేస్తే మిగిలేది కింద ఉన్న నేల తేడా మాత్రమే. అందుకే బసేవీ లోపలి ఊళ్లు పూర్తి చేసి మద్రాసు, కాకినాడ, మంగళూరు లాంటి తీరపు ఊళ్లకు వెళ్లారు. అరేబియా సముద్రంలో మినికాయ్ అనే చిన్న దీవికి కూడా లోలకాలు ఓడెక్కాయి.

ఫలితం ఎవరూ ఊహించని రకంగా వచ్చింది. మామూలుగా ఆలోచిస్తే రాతి భూమి ఉన్నచోట లాగుడు ఎక్కువ ఉండాలి, నీళ్లున్నచోట తక్కువ ఉండాలి. కానీ ఎత్తు తేడాలు సర్దాక చూస్తే ఖండం లోపలికి, కొండల వైపు పోయేకొద్దీ ఉండాల్సిన దానికన్నా తక్కువ వచ్చింది. తీరంలో ఎక్కువ. దీవిలో ఇంకా ఎక్కువ. సముద్రం అడుగున ఉన్న శిల బరువైనది, కొండల కింది నేల తేలికైనది అన్న ఆలోచనకు ఇది బలం ఇచ్చింది. నీళ్లలో మంచుగడ్డ తేలినట్టు కొండలు తమ కింద లోతుగా పాతుకున్న తేలిక రాతి మీద తేలుతున్నాయన్న ఎయిరీ మాట అప్పట్నుంచి గట్టిగా వినపడింది.

ఇక మిగిలింది ఒక్కటే. హిమాలయాల మీదే కొలవాలి. కింద పక్కన కాదు, పైనే.

మొరే మైదానం

బైకుల మీద మనాలి–లేహ్ రోడ్డు కొట్టినవాళ్లకు మొరే ప్లెయిన్స్ గుర్తుంటుంది. పాంగ్ దాటాక వచ్చే పొడవాటి చదును మైదానం. రీల్స్‌లో బోలెడు కనపడుతుంది. ఎత్తు 15 వేల అడుగులకు పైనే. ఊపిరి అందక తలనొప్పితో కూర్చుండిపోయే చోటు.

1871 ఎండాకాలంలో రోడ్డు లేదు, ఆక్సిజన్ సిలిండర్ లేదు. బసేవీ లోలకాలు, గడియారం, పంపు, టెలిస్కోప్ అన్నీ అక్కడికి చేర్చారు. గుడారంలో మకాం. అంత ఎత్తులో లోలకం నెమ్మదిస్తుంది. భూమి కేంద్రానికి దూరం పెరగడం వల్లే రోజుకు 60కి పైగా ఊపులు తగ్గాలి. ఆయన రీడింగులు అంతకంటే ఏమైనా చెబుతున్నాయా అన్నదే ప్రశ్న. కొండల రాయంతా కింద ఉన్నా దాని లాగుడు లెక్కలో కనపడటం లేదని ఆ రీడింగులు చెప్పాయి.

అక్కడితో ఆపి దిగిపోయి ఉండొచ్చు. ఒక్క చోటు చాలదనుకున్నారు. మొరే పని ముగించుకుని లద్దాఖ్‌లోనే ఇంకో ఎత్తైన స్టేషన్ కోసం బయల్దేరారు. చలి, గాలి. ఆరోగ్యం ఒక్కసారిగా దెబ్బతింది. దగ్గర్లో డాక్టర్ లేరు, ఊరు లేదు. 1871 జులై 17న గుడారంలోనే బసేవీ చనిపోయారు. అప్పటికి ఆయనకు 40 ఏళ్లు కూడా నిండలేదు.

తర్వాత ఏమైంది?

మిగిలిన పని హెవీసైడ్ అనే కెప్టెన్ చేతికొచ్చింది. లోలకాలను ఆయన ఏడెన్ మీదుగా తిరిగి ఇంగ్లండ్‌లోని క్యూ అబ్జర్వేటరీకి తీసుకెళ్లి అక్కడ ఊపి చూశారు. బయల్దేరినప్పుడు ఎలా ఊగాయో, ఇన్నేళ్ల ప్రయాణం తర్వాత అలాగే ఊగుతున్నాయా అని సరిచూడాలి కదా. లెక్కలన్నీ కలిపి 1879లో సర్వే వాళ్ల పెద్ద గ్రంథం ఐదో సంపుటంగా అచ్చయ్యాయి.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ 20వ శతాబ్దం మొదట్లో కొత్త రకం పొట్టి లోలకాలు వచ్చాయి. వాటితో డెహ్రాడూన్ వైపు మళ్లీ కొలిస్తే బసేవీ అంకెలు తక్కువగా ఉన్నట్టు తేలింది. లోలకం ఊగినప్పుడు దాన్ని మోసే స్టాండ్ కూడా కంటికి కనపడనంతగా ఊగుతుంది. ఆ కదలిక బసేవీ లెక్కలోకి రాలేదు. కొండ మీద ఆయన ప్రాణం పెట్టి తెచ్చిన మొరే అంకె మీద కూడా అనుమానం పడింది. హిమాలయాల కింద నేల తేలికే, కానీ ఆయన అంకెలు చూపినంత కాదు.

దీన్ని ఆయన ఓటమి అనడం తప్పు. స్టాండ్ ఊగుతుందన్న సంగతిని యూరప్‌లోనూ 1870ల్లోనే సీరియస్‌గా పట్టించుకున్నారు. అప్పటికి ఆయన లేరు. ఏ రోజు ఎంత వేడి ఉందో, ఎన్నిసార్లు ఊగిందో మొత్తం రాసి పెట్టబట్టే తర్వాతివాళ్లకు తప్పు ఎక్కడుందో దొరికింది. తీరంలో ఎక్కువ, లోపల తక్కువ అన్న అసలు సంగతి నిలబడింది.

ఇప్పుడు గురుత్వాన్ని లోలకాలతో కొలిచేవాళ్లు లేరు. చేత్తో మోసుకెళ్లే గ్రావిమీటర్లు వచ్చాయి. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో మొదలైంది. కడప బేసిన్ మీద కూడా గురుత్వ సర్వేలు జరిగాయి. బేసిన్‌కు నైరుతి వైపు, అంటే పులివెందుల అవతల, గురుత్వం చుట్టుపక్కల కంటే కాస్త ఎక్కువ. సున్నపురాయి, నాపరాయి పొరల కింద లోతులో ఏదో బరువైన శిల ఉందని దాన్నిబట్టి శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. బసేవీ గుత్తి దగ్గర అడిగిన ప్రశ్నే ఇది కూడా: కింద ఏముంది?

ఇంతకీ చిలమకూరు అంకె ఎంత? అక్షాంశం, ఎత్తు పెట్టి లెక్కేస్తే సుమారు 9.783. పదో తరగతి పరీక్షలో మాత్రం 9.8 అనే రాయండి, మార్కులు దానికే వేస్తారు.